తూకానికి అందని కాగితం

పాత క్రీడా కార్డులను సేకరించడం, వాటిని ఒకరితో ఒకరు మార్చుకోవడం పనిలేనివారి పని అనీ, చదువుకు చేటనీ, చివరికి అది జూదానికి మరో రూపమనీ పల్నాటి పట్టణాలలో పెద్దలు చాలాకాలంగా చెబుతున్న మాట. నరసరావుపేటలోనైనా మాచర్లలోనైనా గురజాలలోనైనా, అటక మీది అట్టపెట్టెను దించి అందులోని క్రికెట్ కార్డులను పాత నోట్సులతో కలిపి పాతపేపర్ల బండికి తూకానికి వేయడం ఇల్లు శుభ్రం చేసుకోవడం కిందే జమ అవుతుంది తప్ప, దానిని ఒక నష్టంగా ఎవరూ భావించరు. ఈ అభిప్రాయం వెనుక దురుద్దేశం లేదు. మిరప ధర, పత్తి ధర ఏ ఏడు ఎలా ఉంటాయో తెలియని ప్రాంతంలో ఏ వస్తువు గురించైనా ముందు దాని అక్కరను, ఆ వెంటనే దాని ఖరీదును అడగడం సహజమే. అయితే సహజమైన ప్రశ్న ప్రతిచోటా సరైన ప్రశ్న కాదు. కాగితాన్ని కొలవడానికి తూకం, ధర అనే రెండు కొలతలే ఉన్నాయన్న నమ్మకం మీద ఈ అభిప్రాయమంతా నిలబడి ఉంది. సేకరణకర్త వాడే కొలత ఈ రెండింటిలోనూ లేదు. ఒక కార్డు తన వరుసలో ఎన్నోది, దానికి ముందూ వెనుకా ఏమున్నాయి, అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎందుకు వచ్చింది అన్నవి అతడు అడిగే ప్రశ్నలు. ఆ ప్రశ్నలను వినకుండానే తీర్పు చెప్పడం వల్ల పెద్దల మాట సేకరణను తాకకుండానే పక్కకు పోతున్నది.

క్రీడా కార్డు అంటే అరచేతిలో ఇమిడే దళసరి కాగితపు ముక్క. దానికి ఒకవైపు ఆటగాడి బొమ్మ, చాలావాటికి రెండోవైపు అతడి వివరాలు, ఆ వరుసలో ఆ కార్డు సంఖ్య ఉంటాయి. ఒకే సంస్థ ఒకే తడవ వెలువరించిన కార్డుల మొత్తాన్ని వరుస అనీ సెట్టు అనీ అంటారు. ఒకే కార్డు రెండోసారి చేతికి వస్తే పిల్లలు దానిని డబుల్ అంటారు. ఈ వస్తువు పెద్దయెత్తున వ్యాపించింది సిగరెట్ పెట్టెతో. పంతొమ్మిదవ శతాబ్దం చివరి దశాబ్దాలలో సిగరెట్ పొట్లాలు మెత్తగా ఉండి లోపలి సరుకు నలిగిపోతుండేది గనుక కంపెనీలు ఒక అట్టముక్కను అడ్డంగా పెట్టేవి. ఆ అట్టముక్క ఖాళీగా ఎందుకుండాలని దాని మీద బొమ్మ అచ్చువేశారు. ఇంగ్లండులో విల్స్ కంపెనీ 1896లో క్రికెటర్ల వరుసను తెచ్చింది. అమెరికాలో, క్రికెట్‌కు దూరపు చుట్టమనదగిన బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలతో అమెరికన్ టొబాకో కంపెనీ 1909 నుంచి 1911 దాకా వెలువరించిన 524 కార్డుల వరుస నేటికీ సేకరణకర్తలకు కొలబద్దగా ఉంది.

ఈ చరిత్ర గుంటూరు సీమకు పరాయిది కాదు. అమెరికన్ టొబాకో, ఇంగ్లండులోని ఇంపీరియల్ టొబాకో కలిసి 1902లో బ్రిటిష్ అమెరికన్ టొబాకో అనే సంస్థను నెలకొల్పాయి. దాని సంతతిగా 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ ఆఫ్ ఇండియా, ఆకు కొనుగోలు కోసం 1912లో గుంటూరు ప్రాంతంలో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ ఏర్పడ్డాయి. 2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లాగా విడిపడే దాకా పల్నాడు గుంటూరు జిల్లాలోనే ఉండేది. అంటే ఈ సీమ రైతుల పొగాకును కొన్న వ్యాపార కుటుంబమే ఆ కార్డులను అచ్చువేసిన కుటుంబం కూడా. కార్డుల సేకరణ అమెరికా పిల్లల వ్యసనమనీ ఇక్కడివారికి దానితో సంబంధం లేదనీ అనేవారు ఈ చుట్టరికాన్ని గమనించవలసి ఉంది.

సిగరెట్ పెట్టె నుంచి కార్డు బబుల్‌గమ్ పొట్లంలోకి మారింది. అమెరికాలో గౌడీ కంపెనీ 1933లోను, టాప్స్ కంపెనీ 1952లోను తెచ్చిన బేస్‌బాల్ వరుసలు ఆ మార్పులో ముఖ్యమైనవి. తెలుగు పట్టణాలకు ఈ ఆనందం కొంత ఆలస్యంగా, క్రికెట్ రూపంలో వచ్చింది. బిగ్ ఫన్ బబుల్‌గమ్‌తో వచ్చిన చిన్న కార్డుల మీద పరుగులో వికెట్లో అచ్చువేసి ఉండేవి. వాటిని కూడబెట్టి నిర్ణీత మొత్తం చేరాక బహుమతి అందుకోవాలన్న ఆశతో తొంబైల నాటి బడిపిల్లలు బడ్డీకొట్ల చుట్టూ తిరిగారు. ఆ వెంటే ట్రంప్ కార్డులు, అంటే ఆడిన మ్యాచ్‌లు, పరుగులు, అత్యధిక స్కోరు వంటి అంకెలను ఎదుటివాడి కార్డుతో పోల్చి గెలుపు తేల్చుకునే కార్డులు వచ్చాయి. ఇటీవలి కాలంలో అదే టాప్స్ కంపెనీ ఐపీఎల్ ఆటగాళ్లతో క్రికెట్ అటాక్స్ పేరిట కార్డులను అమ్మింది. అంతకుముందు తరానికి అగ్గిపెట్టె బొమ్మలు, సినిమా పాటల పుస్తకాలు ఈ స్థానంలో ఉండేవి. వస్తువు మారినా చేసిన పని ఒకటే: పారవేయడం కోసమే తయారైన కాగితాన్ని పారవేయకుండా వరుసలో నిలబెట్టడం.

అటువంటి కాగితం చెత్త కాదా అన్నది మొదటి ఆక్షేపణ. దీనికి సమాధానం న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ కళాప్రదర్శనశాలలో ఉంది. సిరక్యూస్ నగరంలో ఒక విద్యుత్ పరికరాల కర్మాగారంలో కార్మికుడిగా పనిచేసిన జెఫర్సన్ బర్డిక్ జీవితాంతం ఇటువంటి అచ్చుకాగితాలను సేకరించారు. ఆయన దగ్గర పోగైనవి మూడు లక్షలకు పైమాటే. వాటిలో బేస్‌బాల్ కార్డులు ముప్పై వేల దాకా ఉన్నాయి. అయితే ఆయన గొప్పతనం పోగుచేయడంలో లేదు, పేరు పెట్టడంలో ఉంది. అమెరికాలో ఏ కంపెనీ ఎప్పుడు ఏ వరుసను వెలువరించిందో అప్పటిదాకా ఎవరూ ఒకచోట రాసిపెట్టలేదు. బర్డిక్ 1939లో ఒక జాబితా వెలువరించి, తర్వాత దానిని విస్తరించిన అమెరికన్ కార్డ్ కేటలాగ్‌లో పంతొమ్మిదవ శతాబ్దపు పొగాకు కార్డులకు ఒక అక్షరం, ఇరవయ్యవ శతాబ్దపు పొగాకు కార్డులకు మరో అక్షరం, మిఠాయి కార్డులకు ఇంకో అక్షరం కేటాయించి ప్రతి వరుసకూ ఒక సంఖ్య ఇచ్చారు. పైన చెప్పిన 524 కార్డుల వరుసను ప్రపంచమంతా నేడు టీ206 అని పిలుస్తున్నదంటే అది ఆయన పెట్టిన పేరే. వృక్షశాస్త్రజ్ఞుడు మొక్కకు చేసే పనిని ఒక కార్మికుడు కాగితానికి చేశారు. చెత్తకు, సేకరణకు మధ్య తేడా కాగితంలో లేదు, ఆ క్రమంలో ఉంది. క్రమం తప్పిన తాళపత్రాలు కూడా పొయ్యిలోకే పోయేవి. పల్నాటి ప్రజలు తమ ప్రాణంగా భావించే వీరచరిత్రను 1911లో అక్కిరాజు ఉమాకాంతం అచ్చుకెక్కించే నాటికి రాతలో అది ఎవరో దాచిన ఆకుల కట్టలలోనే మిగిలి ఉంది. దాచినవారికి ఆనాడు ఎవరూ వీరతాళ్లు వేయలేదు.

తాళపత్రానికీ కార్డుకూ పోలికేమిటని అనేవారికి ఇంకొంచెం దగ్గరి ఉదాహరణ చూపవచ్చు. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1931 సెప్టెంబరులో విడుదలైందని దశాబ్దాల పాటు పుస్తకాలు రాశాయి, సభలు జరిగాయి. ఆ చిత్రం ప్రతి నేడు దొరకదు. పల్నాటి గ్రామం పేరే ఇంటిపేరుగా గల పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత సెన్సారు వివరాలను, నాటి పత్రికల ప్రకటనలను వెదికి, ఆ చిత్రం 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని నిరూపించారు. సినిమా పోయింది, ఆ వారం చూసి పారవేయడానికి అచ్చయిన ప్రకటన మిగిలి చరిత్రను సరిదిద్దింది. ఏ కాగితం రేపు సాక్ష్యం చెబుతుందో ఈనాడు తూకం వేసేవారికి తెలిసే అవకాశం లేదు గనుక, తెలియనిదాన్ని చెత్త అనడం అవసరానికి మించిన ధీమా.

ఇప్పుడు అన్ని అంకెలూ ఫోనులో దొరుకుతున్నాయి కదా, కార్డు ఎందుకన్న మాట కూడా వినిపిస్తుంది. ఈ మాటలోని లోపం కొంచెం సూక్ష్మమైనది. ఫోనులోని గణాంకం ఎప్పటికప్పుడు తన పాత రూపాన్ని చెరిపేసుకుంటుంది. చివరి లెక్క ఒక్కటే అక్కడ మిగులుతుంది. కార్డు అలా కాదు, అచ్చయిన రోజు దగ్గర ఆగిపోతుంది. వి.వి.ఎస్. లక్ష్మణ్ 2001 మార్చిలో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా మీద 281 పరుగులు చేశారు. అంతకుముందు టెస్టులలో ఆయన అత్యధిక స్కోరు 2000 జనవరిలో సిడ్నీలో చేసిన 167. ఆ రెండు తేదీల నడుమ అచ్చయిన లక్ష్మణ్ కార్డు ఏదైనా ఉంటే దానికి 281 తెలియదు. జట్టులో చోటు కోసం పెనుగులాడుతున్న ఒక యువకుడు మాత్రమే దానికి తెలుసు. చరిత్రకారుడికి కావలసింది సరిగ్గా ఆ తెలియనితనమే. జరగబోయేది తెలియకుండా ఒక కాలం తన మనుషులను ఎలా చూసిందో చెప్పగల ఆధారాలు చాలా తక్కువ; పాత కార్డు వాటిలో ఒకటి.

జూదమన్న ఆక్షేపణ దీనికంటే బరువైనది. ఆ ఆక్షేపణ చేసే అర్హత కూడా పల్నాడుకు ఉంది. గురజాల, మాచర్ల రాజ్యాల నడుమ కోడిపందెం ఎంత దూరం వెళ్లిందో, ఓడినవారి వనవాసం కారంపూడి యుద్ధభూమికి ఎలా దారితీసిందో ఇక్కడి పిల్లలకు వేరుగా చెప్పనక్కర లేదు. ఏటా కార్తీక అమావాస్యకు మొదలై కారంపూడిలో జరిగే వీరారాధనోత్సవాల అయిదు రోజులలో ఒక రోజు పేరే కోడిపోరు. పందెం రుచి, పందెం ఫలితం రెండూ తెలిసిన ప్రజలు పిల్లల చేతిలో కార్డుల కట్ట చూసి కలవరపడితే వారిని తప్పుపట్టలేము. కానీ పందెం తెలిసినవారికే పందెం కానిది కూడా తెలియాలి. పందెంలో ఒకరి గెలుపు మరొకరి ఓటమి మీద నిలబడుతుంది. వస్తువు ఒకవైపే కదులుతుంది. ఫలితం తేలేదాకా ఇద్దరిలో ఎవరికీ తన చేతిలోది తనదో కాదో తెలియదు. మారకంలో ఈ మూడూ లేవు. ఇద్దరూ ముందే చూసుకుంటారు, బేరమాడతారు, ఇష్టం లేకపోతే మానుకుంటారు, ఒప్పుకుంటే ఇద్దరూ లేనిది తెచ్చుకుని ఎక్కువైనది ఇచ్చి వెళతారు. గెలిచినవాడే ఎదుటివాడి కార్డు తీసుకునే పద్ధతిలో ట్రంప్ కార్డులు ఆడిన పిల్లలు ఉన్నారన్నది నిజం. అది పందెమే, దానిని సమర్థించవలసిన పని లేదు. అయితే సేకరించే పిల్లవాడు ఆ ఆటకు తన మంచి కార్డును పెట్టడు. పోగొట్టుకోవడం ఇష్టం లేకపోవడమే సేకరణకు మొదటి లక్షణం.

జూదం నిజంగా ఎక్కడుందో చూడాలంటే పిల్లల వైపు గాక పొట్లం అమ్మే కంపెనీ వైపు చూడాలి. లోపల ఏ కార్డు ఉందో తెలియకుండా మూసిన పొట్లాన్ని కొనిపించడంలో అదృష్టం మీద వ్యాపారం చేసే గుణం తప్పకుండా ఉంది. ఒక వరుసలో యాభై కార్డులు ఉన్నాయనీ, అన్నీ సమానంగా అచ్చయ్యాయనీ, పొట్లానికి ఒకటే వస్తుందనీ అనుకుంటే, ఒంటరిగా కొనే పిల్లవాడు ఆ వరుసను పూర్తిచేయడానికి సగటున కొనవలసిన పొట్లాల సంఖ్య యాభై కాదు, అరవై కాదు, దాదాపు 225. చివరి ఒక్క కార్డు కోసమే సగటున యాభై పొట్లాలు కొనవలసి వస్తుంది, ఎందుకంటే అప్పటికి వచ్చేవన్నీ డబుల్సే. ఈ లెక్క కంపెనీకి తెలుసు. అమెరికాలో గౌడీ కంపెనీ 1933 వరుసలో 106వ కార్డును అసలు అచ్చువేయలేదు. పిల్లలు లేని కార్డు కోసం గమ్ కొంటూనే ఉన్నారు, ఉత్తరాలు రాసి నిలదీసినవారికి మాత్రం మరుసటి ఏడు నాప్ లాజోయ్ అనే ఆటగాడి బొమ్మతో ఆ కార్డును తపాలాలో పంపింది. ఇంత నిర్మొహమాటమైన ఎర మరొకటి దొరకడం కష్టం.

ఈ ఎరకు విరుగుడు ఏమిటి? పెద్దలు చెప్పేది కొనడం మానేయమని. పిల్లలు కనిపెట్టింది అంతకంటే తెలివైనది: మార్చుకోవడం. పదిమంది పిల్లలు తమ డబుల్స్‌ను ఒకచోట పోసి పంచుకుంటే, పదిమందికీ పది వరుసలు పూర్తికావడానికి ఒక్కొక్కరు కొనవలసిన పొట్లాలు పైన చెప్పిన లెక్కలో సగానికంటే తక్కువకు పడిపోతాయి. మూసిన పొట్లం పెట్టిన అదృష్టాన్ని తెరిచిన అరచేయి రద్దు చేస్తుంది. కంపెనీ దృష్టిలో డబుల్ అంటే మరో పొట్లానికి పిలుపు. పిల్లల దృష్టిలో అది మరో మనిషి దగ్గరకు వెళ్లడానికి కారణం. కార్డుల మారకాన్ని జూదమని నిషేధించే ఇల్లు, తెలియకుండానే పిల్లవాడిని ఒంటరిని చేసి కంపెనీ లెక్కకు అప్పగిస్తున్నది. ఈ ఒక్క విషయంలో ప్రబలంగా ఉన్న అభిప్రాయం పొరపాటు మాత్రమే కాదు, హానికరం కూడా.

మారకానికి మరో గుణం ఉంది. తన దగ్గర లేని కార్డు ఎవరి దగ్గర ఉందన్నదే అక్కడ ప్రశ్న గాని, అతడు ఏ వీధి పిల్లవాడు, ఏ బడి పిల్లవాడు అన్నది కాదు. పల్నాటి వీరచరిత్రలోని బ్రహ్మనాయుడి చాపకూడును, అంటే అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి పెట్టిన భోజనాన్ని, ఏటా స్మరించుకునే సీమలో ఇది చిన్న సంగతి కాదు. ఈ రెండింటికీ మధ్య దూరం ఎంతో ఉంది, చాపకూడు ఒక ధర్మసంకల్పం, కార్డుల మారకం పిల్లల అవసరం. అయినా అవసరమే గడప దాటించిన సందర్భాలను తక్కువగా చూడనక్కర లేదు. ధర నిర్ణయించే అధికారి లేని చోట, రెండు మామూలు బౌలర్లకు ఒక అజహరుద్దీన్ సమానమా కాదా అని పదేళ్ల పిల్లలు వాదించుకుని, ఒప్పించి, ఒప్పుకుని, మాట మీద నిలబడడం నేర్చుకునే బడి వేరే ఎక్కడ ఉందో చూపవలసిన బాధ్యత ఆక్షేపించేవారి మీదే ఉంది.

ఇక సేకరణను మెచ్చుకునేవారిలో చాలామంది చెప్పే మాటను కూడా ఖండించక తప్పదు. పాత కార్డులు కోట్లు పలుకుతున్నాయి గనుక దాచుకోమని వారి సలహా. నిజమే, టీ206 వరుసలోని హోనస్ వాగ్నర్ కార్డు ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. తన బొమ్మతో పిల్లలు పొగాకు కొనడం వాగ్నర్‌కు ఇష్టం లేక అచ్చు ఆపించాడనీ, కాదు తనకు డబ్బు ఇవ్వనందుకు ఆపించాడనీ రెండు కథనాలు ఉన్నాయి, ఏదైనా ఆ కార్డులు బహు కొద్దిగానే మిగిలాయి. 1952 టాప్స్ వరుసలోని మిక్కీ మాంటిల్ కార్డు ఒకటి అదే ఏడు 1.26 కోట్ల డాలర్లు తెచ్చింది. ఆ వరుసను రూపొందించిన సై బెర్గర్, అమ్ముడుపోక గోదాములో మిగిలిన 1952 కార్డులను 1960లో పడవకెత్తించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించారన్న సంగతిని దీనితో కలిపి చదవాలి. తూకానికి కూడా కొనేవారు లేని కాగితం అరవై ఏళ్లకు కోట్లు పలికింది. దీని నుంచి ధరను నమ్మమన్న నీతి తీసేవారు కథను తలకిందులుగా చదువుతున్నారు; నాడు సముద్రంలో పారబోయించినదీ ధరే, నేడు నెత్తిన పెట్టుకుంటున్నదీ ధరే, రెండుసార్లూ కార్డు మాత్రం అదే కార్డు.

ధరను నమ్మినవారికి ఏమైందో కూడా చరిత్రలో ఉంది. గణాంకశాస్త్రం బోధించిన జేమ్స్ బెకెట్ 1979లో కార్డుల ధరల పుస్తకాన్ని తెచ్చాక అమెరికాలో ప్రతి కార్డుకూ ఒక అంకె అతుక్కుంది. ఎనభైల చివర వేలాది కుటుంబాలు పిల్లల చదువుకు పనికొస్తాయని పెట్టెలకు పెట్టెలు కొని విప్పకుండా దాచాయి; కంపెనీలూ ఆ గిరాకీ చూసి లెక్కకు మించి అచ్చువేశాయి; అందరూ దాచినది ఎవరికీ అరుదు కాదు గనుక ఆ కార్డులలో చాలావాటికి నేటికీ పెద్ద విలువ లేదు. 1991లో మొదలైన పీఎస్ఏ వంటి సంస్థలు కార్డు మూలలను, అంచులను, మెరుపును పరీక్షించి ఒకటి నుంచి పది దాకా మార్కు వేసి ప్లాస్టిక్ పలకలో బిగించి ఇవ్వడం మొదలుపెట్టాయి. నకిలీలను పట్టడంలో దీని వల్ల మేలు జరిగింది, కాదనలేము. కానీ పలకలో బిగిసిన కార్డు చేతికి తగలదు, వరుసలో కూర్చోదు, బల్ల మీద మరో కార్డు పక్కన నిలబడి బేరం వినదు. అది కంపెనీ వాటా పత్రంలాంటిదైపోయింది. చెత్త అనేవారు, పెట్టుబడి అనేవారు ఎదురెదురు పక్షాలుగా కనిపిస్తారు గాని నిజానికి ఒకే త్రాసుకు రెండు పళ్లేలు.

చదువు చెడుతుందన్న భయం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. బ్యాటింగ్ సగటు అంటే పరుగులను ఆడిన ఇన్నింగ్స్‌తో గాక అవుటైన సార్లతో భాగించగా వచ్చేది. నాటౌట్‌గా మిగిలిన ఇన్నింగ్స్ సగటును ఎందుకు పెంచుతుందో ట్రంప్ కార్డుల అంకెల నుంచి గ్రహించిన పిల్లవాడికి, భాగహారం పుస్తకంలో కంటే ముందే జీవితంలో ఎదురైంది. పల్నాటి పట్టణాలలో ర్యాంకుల కోసం రాత్రింబగళ్లు చదివించే పద్ధతికి అంకెల మీద ప్రేమ పుట్టించడం చేతకావడం లేదు, కార్డుకు చేతనయింది.

ఈ సీమలోని చదువుకున్నవారు తెచ్చే ఆక్షేపణ వేరు, అది గౌరవంగా వినదగినది. సేకరించాలనే ఉంటే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసిన పల్నాటిలో కార్డులెందుకు, నాగార్జునకొండ లోయలో దొరికిన సీసపు నాణేల వంటివి సేకరించవచ్చు కదా అని వారు అంటారు. 1926లో ఆ శిథిలాలు వెలుగులోకి వచ్చినప్పటి నుంచి, 1954 మొదలు 1960 దాకా నాగార్జునసాగర్ జలాలు లోయను ముంచబోతున్నాయని తెలిసి ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో జరిగిన తవ్వకాల దాకా అక్కడ బయటపడిన సంపద విలువను ఎవరూ తక్కువ చేయలేరు. అయితే సరిగ్గా ఆ విలువ వల్లనే అది వ్యక్తుల మారకానికి తగనిది. భూమిలో పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతున్నది. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువు అవుతుంది, లైసెన్సు లేకుండా దానితో వ్యాపారం చేయడం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, పొలంలో దొరికిన నాణెం తాను దొరికిన పొర నుంచి, పక్కనున్న కుండపెంకు నుంచి విడిపడగానే తన సాక్ష్యంలో సగం పోగొట్టుకుంటుంది. కార్డు చేతులు మారడానికే పుట్టింది. ఎన్ని చేతులు మారినా దాని వెనుక అచ్చయిన సంఖ్య దానితోనే వస్తుంది. పురావస్తువును దొరికిన చోటే వదిలి పురావస్తుశాఖకు చెప్పాలన్న సంయమనం, కార్డును మార్చుకోవచ్చన్న స్వేచ్ఛ, ఈ రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు. చిన్నప్పుడు వరుస అంటే ఏమిటో, తప్పిపోయిన ఒక్కటి ఎంత వెలితో నేర్చినవాడికి లోయ నుంచి దొంగిలించిన నాణెం ఎందుకు మూగదో త్వరగా అర్థమవుతుంది.

తెలుగువారి ఇళ్లలో ఈ రకపు వరుసకు ఒక అందమైన ఉదాహరణ తపాలాశాఖ ఇచ్చింది. భారత క్రికెటర్ల పేరిట 1996లో వెలువడిన నాలుగు తపాలా బిళ్లలలో ఒకటి నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె. నాయుడిది, తక్కినవి దేవధర్, విజయ్ మర్చంట్, వినూ మన్కడ్‌లవి. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టు మీద పదకొండు సిక్సర్లతో 153 పరుగులు చేసి, 1932లో లార్డ్స్‌లో భారతదేశపు తొలి టెస్టుకు నాయకత్వం వహించి, దాదాపు అరవై ఏళ్ల వయసులో 1953–54 రంజీ పోటీలలో ఆంధ్ర జట్టు తరఫున ఆడిన మనిషి బొమ్మ అది. ఒక్క బిళ్ల ఉంటే అది అలంకారం. నాలుగూ ఉంటే ఆ తరం క్రికెట్ మీద ఒక వ్యాఖ్యానం. మూడు దొరికి నాయుడి బిళ్ల దొరకని వ్యక్తి దాని కోసం మర్చంట్ బిళ్లలు రెండు ఇవ్వడానికి సిద్ధపడితే, దానిని పిచ్చి అనడానికి ముందు అతడు ఆ మూడు బిళ్లల మధ్య ఎంతటి ఖాళీని చూస్తున్నాడో ఊహించే ప్రయత్నం చేయాలి.

మిగిలినది ఒక్క ఆక్షేపణ, అన్నిటికంటే విచారకరమైనది: ఎంత సేకరించినా సేకరించినవాడు పోయాక అది బండివాడి తూకానికే కదా వెళ్లేదని. ఒంటరిగా దాచినవారి విషయంలో ఇది చాలాసార్లు జరిగింది, జరుగుతున్నది. మార్చుకుంటూ సేకరించినవారి విషయంలో జరగవలసిన అవసరం లేదు, ఎందుకంటే వారి దగ్గర ఏముందో, దానికి ఏ సంఖ్య తక్కువో, అది ఎవరికి అక్కరో తెలిసినవారు ఊరూరా ఉంటారు. 1918లో స్థాపించిన వేటపాలెం సారస్వత నికేతనం అలమారలలో పాత తెలుగు పత్రికలు నేటికీ చదవడానికి దొరుకుతున్నాయంటే, వాటిని దాచినవారు తమ తర్వాత ఎవరి చేతికి చేరాలో బతికుండగానే తేల్చుకోవడం వల్లనే. బర్డిక్ కూడా అదే చేశారు. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయినా 1947 నుంచి తన సేకరణను విడతలు విడతలుగా న్యూయార్క్ ప్రదర్శనశాలకు అప్పగిస్తూ, చివరి ఏళ్లలో అక్కడే ఒక బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్క కార్డునూ తన చేతులతో పుస్తకాలలో అతికించారు. 1963 జనవరిలో ఆఖరి కార్డు అతికించి, ఇక రాలేనని చెప్పి వెళ్లి, మరునాడు ఆసుపత్రిలో చేరారు, మార్చిలో మరణించారు. ఆ పుస్తకాలలో టీ206 వరుస ఉంది, అందులో వాగ్నర్ ఉన్నాడు, గుంటూరు పొగాకును కొన్న కంపెనీ చుట్టాలు అచ్చువేసిన ఆ ముక్క ఏ పలకలోనూ బిగియకుండా తన వరుసలో తాను కూర్చుని ఉంది.